బండ మీద బస: ఓరుగల్లు గుట్టల్లో రాత్రి ఎలా గడుస్తుంది

ఓరుగల్లు అన్న పేరులోనే రాయి ఉంది. ఒంటి కల్లు, అంటే ఒకే రాయి. సంస్కృతంలో అదే ఏకశిలా నగరం. కోట లోపల ఆ గుట్ట ఇప్పటికీ ఉంది. వరంగల్ నుంచి కరీంనగర్ వైపు బస్సులో వెళ్తుంటే కిటికీ పక్కన ఇలాంటి గుట్టలు వస్తూనే ఉంటాయి. కొన్ని ఏనుగు వీపులా నున్నగా ఉంటాయి, కొన్ని ఎవరో గుండ్లు ఏరి పేర్చినట్టు ఉంటాయి. వీటి మీద, వీటిని ఆనుకొని ఉన్న అడవుల్లో టెంట్ వేసుకొని ఒక రాత్రి గడపాలని కుర్రవాళ్లు ఇప్పుడు బాగా ఉత్సాహపడుతున్నారు. చాలా మంచి కోరిక. అయితే వాళ్లు చూసి నేర్చుకునే వీడియోలు ఎక్కువగా హిమాలయాలవి. అక్కడి జాగ్రత్తలన్నీ ఎత్తు చుట్టూ తిరుగుతాయి. మన దగ్గర రాత్రి ఎలా గడుస్తుందో తేల్చేది బండ. చలి, నీళ్లు, నిద్ర, ప్రమాదం అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

ముందు ఎత్తు లెక్క చూద్దాం. తెలంగాణలో అన్నిటికంటే ఎత్తైనదని చెప్పే డోలి గుట్ట 965 మీటర్లు. అది ములుగు జిల్లా చివర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఉంది. వరంగల్ నగరమే సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. చుట్టుపక్కల గుట్టలు నేల మీంచి 100, 150 మీటర్లు లేస్తే గొప్ప. పైకి వెళ్లేకొద్దీ గాలి వెయ్యి మీటర్లకు దాదాపు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఆ లెక్కన 150 మీటర్ల గుట్ట ఎక్కితే తగ్గేది ఒక్క డిగ్రీ. మరి పుష్య మాసంలో గుట్ట మీద పడుకున్నవాళ్లు తెల్లవారుజామున గడగడ వణికిపోవడానికి కారణం ఏమిటి?

కారణం వీపు కిందే ఉంది. గ్రానైట్ వేడిని చాలా బాగా ప్రసరింపజేస్తుంది. పొడి ఇసుకతో పోలిస్తే దాదాపు పది రెట్లు. పగలంతా ఎండను లోపలికి లాక్కుంటుంది, పొద్దుగూకాక మెల్లగా వదులుతుంది. అందుకే సాయంత్రం ఏడింటికి బండ మీద కూర్చుంటే గోరువెచ్చగా, ఎంతో హాయిగా ఉంటుంది. 'ఇక్కడే పడుకుందాం, దుప్పటి కూడా అక్కర్లేదు' అనిపిస్తుంది. రాత్రి పదకొండు దాటాక సంగతి మారుతుంది. మబ్బు లేని ఆకాశం కింద బండ తన వేడినంతా పోగొట్టుకుంటుంది. ఇక ఒంట్లోని వేడిని లాగడం మొదలుపెడుతుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా లాభం లేదు, ఎందుకంటే చలి వచ్చేది కింద నుంచి. నిద్ర చెడేది సాధారణంగా మూడు, నాలుగు గంటల మధ్య. అప్పుడు బండ మీద అరచెయ్యి పెట్టి చూస్తే సాయంత్రం తాకిన రాయి ఇదేనా అనిపిస్తుంది.

ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బండ రాత్రి బాగా పొద్దుపోయే దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. రామగుండం వైపు పగటి ఎండ 46, 47 డిగ్రీలు తాకే రోజుల్లో బండ మీద బస ఆలోచనే పెట్టుకోకూడదు. కార్తీకం నుంచి మాఘం దాకా సరైన కాలం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు అంటారు కదా, గుట్ట మీద బస కాలం కూడా అప్పటికి ముగిసినట్టే.

ఒంటికీ బండకూ మధ్య గాలి నిలిచే పొర ఒకటి ఉంటే చాలు. ఈ సూత్రం గొల్ల కురుమలకు తరతరాలుగా తెలుసు. రాత్రిళ్లు పొలాల్లో మంద పెట్టి, దాని పక్కనే పడుకునేవాళ్ల దగ్గర గొంగడి ఉంటుంది. దక్కనీ గొర్రెల ఉన్నితో నేసిన ఆ ముతక గొంగడి పోగుల మధ్య గాలి నిలుస్తుంది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. అదే కప్పుకోవడానికి, అదే పరుచుకోవడానికి, వాన వస్తే తల మీద కొప్పెర వేసుకోవడానికి. టెంట్ కింద వరిగడ్డి రెండు మోపులు పరిచి పైన గొంగడి వేస్తే, ఖరీదైన ఫోమ్ మ్యాట్ చేసే పనే అవుతుంది. స్లీపింగ్ బ్యాగ్ కొనలేదని బాధపడేవాళ్లు ముందు ఇంట్లో అటక మీద వెతకడం మంచిది.

చలి విషయంలో ఇంకో సంగతి ఉంది. చల్లగాలి బరువుగా ఉంటుంది. రాత్రి అది వాలు వెంట కిందికి జారి పల్లంలో, చెరువు కింది పొలాల్లో పోగవుతుంది. చలికాలం పొద్దున గుట్ట మీంచి చూస్తే కింద ఊరంతా పొగమంచులో మునిగి ఉంటుంది, పైన ఎండ పడుతూ ఉంటుంది. కాబట్టి చలి ఎక్కువగా ఉంటే గుట్ట అడుగున ఒర్రె పక్కన టెంట్ వేయడం కంటే వాలు మధ్యలో కాస్త చదునుగా ఉన్నచోట వేయడం మేలు. మరీ శిఖరం మీదైతే గాలి కొడుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు లోయల్లో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ కొన్ని ఏళ్లు చలి 5 డిగ్రీల దాకా దిగుతుంది.

ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఎంతో లోతున గట్టిపడిన రాయి ఇది. పైనున్న మట్టీ రాళ్లూ కోట్ల ఏళ్లపాటు కొట్టుకుపోయాక బయటపడింది. మీది బరువు పోగానే బండ కాస్త ఉబ్బి, ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు మడమతో గట్టిగా తడితే ఈ సంగతి చెవికే తెలుస్తుంది. కొన్నిచోట్ల 'టక్' అని నిండుగా మోగుతుంది. నాలుగడుగులు పక్కకు వేసి తడితే 'డబ్' అని బోలుగా వినిపిస్తుంది. అంటే అక్కడ పై పొర లోపలి బండను వదిలేసింది, మధ్యలో సందు ఉంది. అంచున ఉన్న అలాంటి పొర మీద నలుగురు నిలబడటం, టెంట్ తాడు కట్టడం మంచిది కాదు. ఆ సందుల్లోనే తేళ్లు, పాములు పగలు తలదాచుకుంటాయి.

గుండ్ల పుట్టుక వేరు. బండలోని పగుళ్ల వెంట నీళ్లు దిగి, అంచులను తినేసి, మూలలు గుండ్రంగా అరిగిపోగా మిగిలినవే ఒకదాని మీద ఒకటి నిలబడిన ఈ రాళ్లు. వేల ఏళ్లుగా నిలిచినవే, నిజం. కానీ 2024 డిసెంబర్ 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కదిలింది. అలాంటి నేల మీద, చిన్న ఆధారంతో నిలిచిన గుండు నీడలో పడుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

అరిగిన రాయి ఏమైంది? మొరం అయింది, ఇంకా అరిగి చెలక నేల అయింది. టెంట్‌కు చోటు చూసేటప్పుడు రైతు మాటలే బాగా పనికొస్తాయి. చెలక, దుబ్బ నేలలో వాన నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, మేకు సులువుగా దిగుతుంది. మొరంలో మేకు దిగుతుంది కానీ గాలికి ఊడుతుంది, పక్కన రాయి బరువు పెట్టాలి. రేగడి అయితే చినుకు పడగానే చెప్పులకు కిలో మట్టి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. పరుపు బండ మీద మేకు అసలే దిగదు. అక్కడ తనంతట తాను నిలబడే రకం టెంట్ కావాలి. దాని నాలుగు తాళ్లను బరువైన రాళ్లకు కట్టాలి, రాయి అంచు తాడును కోయకుండా మధ్యలో గుడ్డ పేలిక పెట్టాలి. ఆ రాళ్లను పొద్దున తీసినచోటే పెట్టాలి. వాటి కింద చీమలకూ తొండలకూ ఇళ్లుంటాయి.

ఇక నీళ్లు. చాలామంది గుట్ట ప్రయాణం చెడేది ఇక్కడే. గ్రానైట్ నీటిని పీల్చదు. పడిన వాన పడినట్టే జారిపోతుంది. బండ మీది పల్లాల్లో నిలిచేది కొంచెం. వాటిని మన వాళ్లు దొనలు అంటారు. దీపావళి నాటికి చాలా దొనలు పచ్చగా పాచి పట్టి ఉంటాయి. సంక్రాంతికి అడుగంటుతాయి. పక్షులు, కోతులు, ఒక్కోసారి చిరుతలు కూడా తాగే నీళ్లు అవి. చేతులు కడుక్కోవడానికి సైతం సబ్బుతో వాటిని ముట్టుకోకూడదు. మనిషికి రోజుకు కనీసం నాలుగైదు లీటర్లు కింద నుంచి మోసుకెళ్లాల్సిందే. బరువు అనిపిస్తుంది, కానీ దీనికి దగ్గరి దారి లేదు.

జారిపోయిన ఆ వాన నీళ్లు గుట్ట అడుగున చెదిరిన రాతి ముక్కల్లోకి, పగుళ్లలోకి ఇంకుతాయి. అందుకే మంచి బావులు గుట్టల కింద ఉంటాయి. దీనికి చక్కని ఉదాహరణ కరీంనగర్ జిల్లా మొలంగూరు ఖిల్లా. ఓరుగల్లుకూ ఎలగందులకూ మధ్య తిరిగే కాకతీయుల మనుషులు దారిలో దిగేందుకు కట్టిన మజిలీ అది అని చెబుతారు. అంటే గ్రానైట్ గుట్ట మీద రాత్రి బస మన దగ్గర నిన్న మొన్న పుట్టిన సరదా కాదు. ఆ గుట్ట కిందే దూద్ బావి ఉంది. ఆ నీళ్లు నిజాం కోసం వెళ్లేవని ఊరివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

అయితే ఏ బోరు నీళ్లు పడితే ఆ బోరు నీళ్లు తాగకూడదు. గ్రానైట్ ప్రాంతాల భూగర్భ జలాల్లో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. ఊరివాళ్లు ఏ నీళ్లు తాగుతున్నారో అడిగి అవే నింపుకోవాలి.

వరంగల్ దాటి తూర్పుకు, గోదావరి వైపు వెళ్తే రాయే మారిపోతుంది. ఈ సంగతి తెలియక చాలామంది అన్నిటినీ 'గ్రానైట్ కొండలు' అనేస్తారు. నర్సంపేట దాటాక పాఖాల చెరువు చుట్టూ ఉన్నవి పురాతన అవక్షేప శిలల కొండలు. భూగర్భ శాస్త్రంలో ఆ రాళ్ల సముదాయానికి పేరే పాఖాల. భూపాలపల్లి వైపు వెళ్తే బొగ్గును మోసే ఇసుకరాయి మొదలవుతుంది. రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు కూడా ఇసుకరాయివే. 1213లో రామప్ప గుడి కట్టినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. గుడి ఒంటికి ఎర్రని ఇసుకరాయి వాడారు, నున్నగా చెక్కాల్సిన స్తంభాలకూ మదనికలకూ గట్టి నల్లరాయి తెచ్చారు.

బస చేసేవాళ్లకు ఈ తేడా ఎందుకంటే, ఇసుకరాయి నీళ్లు తాగుతుంది. వాన వెలిసిన గంటలో గ్రానైట్ ఆరిపోతుంది, దాని పట్టు తిరిగి వస్తుంది. ఇసుకరాయి లోపల తడి రోజుల తరబడి ఉంటుంది, తడిసినప్పుడు దాని బలం తగ్గుతుంది. పైకి పొడిగా కనిపించే అంచు చేతిలోకి ఊడి వస్తుంది. పాండవుల గుట్టల్లో వాన తర్వాత రెండు మూడు రోజులు ఆగి ఎక్కడం తెలివైన పని. ఇంకో ముఖ్యమైన సంగతి, అక్కడి రాతి చూరుల కింద ఆదిమ మానవుల చిత్రాలు ఉన్నాయి. 1990లో అవి లోకానికి తెలిశాయి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల్లో జంతువులూ గుర్తులూ వేల ఏళ్లు ఎండకూ వానకూ తట్టుకున్నాయి. వాటి కింద ఒక్క రాత్రి చలిమంట వేస్తే పట్టే మసిని తుడవడం ఎవరి వల్లా కాదు. చిత్రాల మీద పేర్లు గీకినవాళ్లను చూసి కడుపు మండుతుంది. ఆ చిత్రాలు మన తాతల తాతల చేతిపని.

మంట గ్రానైట్ మీద కూడా మంచిది కాదు. రాయిలో క్వార్ట్జ్ ఒక తీరున, ఫెల్డ్‌స్పార్ ఇంకో తీరున వ్యాకోచిస్తాయి. ఆ లాగులాటలో పై పొర ఫట్‌మని పగిలి పెంకులు ఎగురుతాయి. బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి పొర లేపడం రాతిపని చేసే వడ్డెరల పాత పద్ధతే. వాళ్లు పని కోసం తెలిసి చేసేది, చలి కాచుకునేవాళ్లు తెలియక చేస్తారు. పెంకు కంట్లో పడితే ప్రమాదం. బండ మీద నల్ల మచ్చ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అడవిలో అయితే ముప్పు ఇంకా పెద్దది. మన టేకు, నల్లమద్ది, తునికి అడవులు మాఘ ఫాల్గుణాల నుంచి ఆకు రాలుస్తాయి. ఎండిన టేకాకు అప్పడంలా ఉంటుంది, ఒక్క రవ్వ చాలు. వంటకు చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్లడం, లేదంటే సద్దిమూట కట్టుకెళ్లడం ఉత్తమం. సకినాలు, మక్క గారెలు, పులిహోర రాత్రికి నిక్షేపంగా ఉంటాయి.

అడవిలో గుడారం వేయడం ఉత్తర తెలంగాణకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఎడ్లబండ్ల మీద వెళ్లి, చెట్ల కింద నాలుగు కర్రలు పాతి, చీరో పరదానో కట్టి, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకొని మూడు నాలుగు రోజులు ఉండటం ఎన్నో కుటుంబాలకు అలవాటు. జంపన్న వాగు ఇసుకలో చెలిమె తవ్వి, మొదట ఊరిన మురికి నీళ్లు పారబోసి, తేరుకున్నాక గ్లాసుతో ముంచుకోవడం పెద్దవాళ్లకు బాగా తెలుసు. ఇసుక వడకట్టిన ఆ నీళ్లను ఇప్పుడైతే మరిగించి తాగాలి. ఎగువన జనం ఎక్కువయ్యారు.

అదే మేడారం దారిలో 2024 ఆగస్టు 31న మరో పాఠం దొరికింది. తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో పెనుగాలులకు కొన్ని గంటల్లోనే 50 వేలకు పైగా చెట్లు కూలాయని అటవీ అధికారులు అంచనా వేశారు. చాలావరకు వేళ్లతో సహా పెకలిపోయాయి. వేళ్లు లోతుకు దిగనిచోట, నేల నానినప్పుడు, బలంగా కనిపించే చెట్టుకూ పట్టు ఉండదు. రాత్రి టెంట్ వేసేముందు తలెత్తి చూడాలి. ఎండు కొమ్మ ఉందా, చెట్టు ఒరిగి ఉందా, మొదట్లో నేల లేచిందా అని చూసుకోవాలి. వానాకాలంలో ఆ అడవుల్లో బస మానేయడమే మంచిది.

జంతువుల గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. మన గుట్టల్లో గుహలు, గుండ్ల సందులు ఎలుగుబంట్ల పగటి ఇళ్లు. రాత్రి అవి చెదపుట్టలు తవ్వడానికి, పండ్ల కోసం బయలుదేరతాయి. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున ఇప్పచెట్ల కిందికి వస్తాయి. కాబట్టి గుహలో పడుకోవద్దు, ఇప్పచెట్టు కింద టెంట్ వద్దు. నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ నడవాలి. ఎలుగు ఎక్కువగా దాడి చేసేది ఉలిక్కిపడినప్పుడే. నిటారు బండ చూరుకు పెద్ద తేనెపట్లు వేలాడుతుంటే ఆ దరిదాపుల్లో పొగ, సెంటు, కేకలు ఏవీ ఉండకూడదు.

అసలు జాగ్రత్త పడాల్సింది కట్లపాముతో. నేల మీద నిద్రపోతున్నవాళ్లను రాత్రి కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, కాటు గుర్తు కూడా సరిగా కనిపించదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, కడుపునొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మన దగ్గర వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర సహా నాలుగు ప్రధాన విషసర్పాలకు పనిచేస్తుంది. కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం వద్దు. టెంట్ అడుగు కుట్టి ఉండి, జిప్ పూర్తిగా మూసి ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఆరుబయట నక్షత్రాలు చూస్తూ పడుకోవడం ఎంత బాగున్నా, టెంట్ విలువ అక్కడ ఉంది.

పిడుగు గురించి ఒక్క మాట. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. బోడి బండ మీద అప్పుడు మనిషే ఎత్తైన వస్తువు. సామాను వదిలేసి అయినా దిగిపోవాలి.

అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి. ఒకే గుట్టలో అడుగు ఊరిది, వాలు అటవీ శాఖది, పైన గుడి దేవాదాయ శాఖది, కోట గోడ పురావస్తు శాఖది అయి ఉండొచ్చు. పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, కవ్వాల్ పులుల అభయారణ్యం లాంటి చోట్ల 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం. అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం మరో నేరం. తాడ్వాయిలో అటవీ శాఖ కుటీరాలు, లక్నవరంలో పర్యాటక శాఖ బస ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు అవే నయం. మిగతా గుట్టల దగ్గర ముందుగా ఊళ్లోకి వెళ్లి, మేకలు కాసే పెద్దాయనను అడగాలి. 'ఎటు నుంచి ఎక్కాలి తాతా, నీళ్లెక్కడ, గుడ్డేలుగు తిరిగే వైపు ఏది?' ఏ మ్యాప్‌లోనూ లేని మూడు జవాబులు ఐదు నిమిషాల్లో దొరుకుతాయి. రాత్రి గుట్ట మీద లైటు కనిపిస్తే ఊరు కంగారు పడకుండానూ ఉంటుంది.

పొద్దున తొందరగా దిగడం అవసరం. ఎండ పడ్డాక బండ త్వరగా వేడెక్కుతుంది, కోతులు సంచుల కోసం వస్తాయి. దెబ్బలు ఎక్కువగా తగిలేది దిగేటప్పుడే. బండ మీద పలచగా పరుచుకున్న మొరం కాళ్ల కింద గోలీల్లా దొర్లుతుంది. పాదం పూర్తిగా ఆనించి, మోకాళ్లు కాస్త వంచి, వాలుకు అడ్డంగా చిన్న చిన్న అడుగులు వేయాలి. మంచుకు తడిసిన నల్లని చారలు కనిపిస్తే వాటి మీద అడుగు పెట్టొద్దు. వాన నీళ్లు జారే దారి అది, అక్కడ పాచి ఉంటుంది. ఆ చారలు ఎటు దిగుతున్నాయో చూస్తూ వాటి పక్కనే దిగితే, చాలా గుట్టల్లో అవి తీసుకెళ్లేది ఊరి బావి దగ్గరికే.